గోడ మీది వీపు

మొగుడి మీద అనుమానం వచ్చిన ఆడది మామూలుగా అతని ఫోను వెతుకుతుంది, చొక్కా జేబులు తడుముతుంది. ఈ ఎక్స్-రే టెక్నీషియన్ మాత్రం ఊళ్లో గోడలన్నీ వెతికింది. పాపం, ఆమె మాత్రం ఏం చేస్తుంది? ఆ మొగుడి ఫోనులో ఏమీ ఉండదు, జేబులో రుమాలు కూడా ఉండదు. నోట్లో మాటలైతే అసలే ఉండవు. పెళ్లైన కొత్తలోనే ఆమె పుట్టింటివాళ్లు అతనికి మౌనిబాబా అని పేరు పెట్టేశారు. ఆ పేరు విని కూడా అతను ఏమీ అనలేదు కాబట్టి అదే స్థిరపడిపోయింది.

గోడల పిచ్చి ఆమెకు అనుమానం కంటే చాలా ముందే ఉంది. వారమంతా కిటికీ లేని గదిలో కూర్చుని జనం ఎముకలు నలుపు తెలుపుల్లో చూసే మనిషికి ఆదివారం వచ్చేసరికి రంగుల మీదికి మనసు పోవడంలో వింతేమీ లేదు. తెల్లగా వెలుగు రాగానే కెమెరా బ్యాగు కుడి భుజాన తగిలించుకుని బయల్దేరేది. ఫ్లైఓవర్ స్తంభాలు, మూసేసిన మిల్లు ప్రహరీ, షాపుల షట్టర్లు, గోడౌన్ల వెనక సందులు, ఎక్కడ ఎవరు ఏ బొమ్మ వేసినా ఆమెకు కావాలి. ఒకడు తన పేరు రాసుకుంటే దాని మీద ఇంకొకడు పెద్దక్షరాలతో తన పేరు రాస్తాడు. ఆ ఇద్దరినీ తిడుతూ మూడోవాడు పిల్లి బొమ్మ వేస్తాడు. ఆమె రోడ్డుకు అవతలి పక్క నిలబడి, అడ్డొచ్చే బండ్లన్నీ పోయేదాకా ఓపిగ్గా ఆగి, గోడ మొత్తం ఒక ఫొటో తీసేది. తర్వాత ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్లి రంగు అంచు ఒక ఫొటో తీసేది. అంచు చూస్తే చెయ్యి తెలుస్తుందని ఆమె నమ్మకం. కుంచె అయితే ఒకలా ఉంటుంది, స్ప్రే అయితే పొగలా చెదురుతుంది, షీటులో అచ్చు కత్తిరించి దాని మీద రంగు కొడితే కోసినట్టుంటుంది.

మౌనిబాబా స్టాండూ నీళ్ల సీసా పట్టుకుని వెనకే నడిచేవాడు. ఒకప్పుడు షాపుల బోర్డులు చేత్తో రాసినవాడే. ఆ పని పోయి, ఇప్పుడు ఫ్లెక్సీలు ముద్రించే మిషను దగ్గర నిలబడుతున్నాడు. గోడల గురించి ఎప్పుడైనా ఏమైనా అంటాడేమోనని ఆమె మొదట్లో ఎదురుచూసింది, తర్వాత మానేసింది.

అనుమానానికి కారణమైన ఆడమనిషి మొట్టమొదట మూతపడ్డ సినిమా హాలు వెనక గోడ మీద కనిపించింది. నల్లటి అచ్చు బొమ్మ. వీధికి వీపు పెట్టి, తల కొంచెం పైకెత్తి, గోడ వైపే చూస్తూ నిలబడి ఉంది. ముడి వేసుకున్న జుట్టు. ఒక భుజం రెండోదాని కంటే పైకి లేచి ఉంది. ఒక మడమ చెప్పులోంచి బయటికి వచ్చి ఉంది. మొహం లేదు. అయినా ఆ నిలబడటంలో ఏదో ప్రాణం ఉంది. ఆమెకు ఎంతో నచ్చింది, నాలుగు వైపుల నుంచి ఫొటోలు తీసుకుంది. తర్వాతి ఆదివారం గోడౌన్ల వైపు వెళ్తే అక్కడా అదే మనిషి ఉంది. ఈసారి దగ్గరికి వెళ్లి అంచు చూసింది. అచ్చు పక్కగా కొంచెం రంగు చిమ్మి, అచ్చు కత్తిరించిన షీటు మూల కూడా గోడ మీద పడింది. ఆ మూల గుండ్రంగా ఉంది.

అలాంటి గుండ్రటి మూలలు ఆమె రోజూ చేత్తో పట్టుకుంటుంది. ఎక్స్-రే ఫిల్ముకి తప్ప ఇంక దేనికీ అలా ఉండవు. స్టోరులో మూలుగుతున్న పాత ఫిల్ములు కొన్ని తెచ్చిపెట్టమని మౌనిబాబా అడిగిన సంగతి అప్పుడు గుర్తొచ్చింది. షాపులో దేనికో అనుకుని ఒక కట్ట తెచ్చి ఇచ్చింది. తెల్లవారక ముందే నడకకని వెళ్లి అతను గోళ్ల కింద నలుపుతో తిరిగొస్తున్న సంగతి కూడా గుర్తొచ్చింది.

ఆ క్షణాన ఆమెకు కలిగింది గర్వమే. మా ఆయనలో ఇంత ఉందా అనుకుంది. గర్వం ఇంటికి చేరేదాకా నిలవలేదు. ఇంతకీ ఈ మనిషి ఎవరు అన్న ప్రశ్న బస్సులోనే మొలిచింది. దిగేసరికి కొమ్మలు వేసింది.

చెల్లెలికి ఫోన్ చేసింది.

"బావనే అడిగేయొచ్చుగా," అంది చెల్లెలు.

"అడిగితే చెప్తాడా? చారులో ఉప్పు సరిపోయిందా అంటేనే తలూపుతాడు. అది అవుననో కాదనో నాకు ఇప్పటికీ తెలీదు."

"అయినా వీపే కదక్కా వేసింది." చెల్లెలు అక్కడితో ఆగలేదు. "మొహం వెయ్యలేదంటే దాచాల్సిన మొహమేనేమో."

చెల్లెలు ఆ ముక్క అని తన పనిలో తాను పడింది. ఇక్కడ అక్కకు మాత్రం ఆ రోజు నుంచి అన్నం సయించలేదు.

వీపుల సంగతిలో ఆమెను మించినవాళ్లు లేరు. ఛాతీ ఎక్స్-రేకి వచ్చినవాళ్లు ప్లేటుకి రొమ్ము ఆనించి, ఆమెకు వీపు చూపించే నిలబడతారు. చేతులు నడుం మీద పెట్టండి, భుజాలు ముందుకు, గాలి పీల్చి పట్టండి అని రోజంతా ఆమె చెప్పేది వీపులకే. ఇప్పుడు ఆ గదిలోకి ఏ ఆడమనిషి వచ్చినా ముందు భుజాలు చూడటం మొదలుపెట్టింది. వీధిలో, బస్సులో, లిఫ్టులో అదే పని. వెనక నుంచి ఒక భుజం కొంచెం ఎత్తుగా కనిపిస్తే చాలు, గబగబా దాటి వెళ్లి మొహం చూసి వచ్చేది. ఫ్లెక్సీ షాపు పక్కనే ఫొటో ఫ్రేములు కట్టే ఆవిడ ఉంది, కాస్త నవ్వు మొహం. ఆవిడ మీద గట్టి అనుమానం పడింది. పనిగట్టుకుని ఆ షాపుకి వెళ్లి, పైన గోడకున్న ఫ్రేము తీసి చూపించమని అడిగింది. ఆవిడ వెనక్కి తిరిగింది. భుజాలు స్కేలు పెట్టి గీసినట్టు ఉన్నాయి. తప్పేమీ లేదని తేలినందుకు ఆవిడ మీద ఇంకా కోపం వచ్చింది, ఫ్రేము కొనకుండానే బయటికి నడిచింది.

ఇంకో విషయం ఆమెను నిలవనివ్వలేదు. శనివారం భోజనాల దగ్గర, రేపు కాలువ వైపు వెళ్దాం అనేది. అతను ఊ అనేవాడు. మర్నాడు వెళ్తే కాలువ గోడ మీద ఆ మనిషి ఉండేది. మార్కెట్ వెనక వీధి అంటే మార్కెట్ వెనక వీధిలో ఉండేది. సిగ్గులేనిది, నేనెక్కడికి వెళ్తే అక్కడ దాపురిస్తోంది అని పళ్లు నూరుకుంటూనే ఆమె ఫొటోలు తీసేది. తీయకపోతే ఎలా, సాక్ష్యం కదా. తీస్తున్నంతసేపూ మౌనిబాబా వెనక నిలబడి ఉండేవాడు. ఒకసారి చటుక్కున తిరిగి చూస్తే అతని పెదవి చివర చిన్న నవ్వు ఉంది. పెళ్లైన ఇన్నేళ్లలో ఆమె ఆ నవ్వు చూసిన గుర్తు లేదు. కళ్లెదుటే ఇంకొకతెను నిలబెట్టి, పెళ్లాం చేత ఫొటోలు తీయించుకుని నవ్వుకుంటున్నాడు అనుకుంది. అరికాలి మంట నెత్తికెక్కింది.

టైర్ల షాపు గోడ దగ్గర ఆ మంట బయటపడింది. బొమ్మ ఇంకా రంగు వాసన వేస్తోంది. మిగతా వాటన్నిటి కంటే పెద్దది, చుట్టూ లేత పసుపు కూడా వేశాడు. ఆమె ఫొటో తీయడం పూర్తి కాగానే మౌనిబాబా నోరు తెరిచాడు.

"ఎలా ఉంది?"

అడక్క అడక్క అడిగింది ఇదా అని ఆమెకు ఒళ్లు మండిపోయింది.

"ఏముంది ఉండటానికి? ఆ భుజం చూడండి, బస్తాలు మోసేదానిలా. నిలబడటం కూడా సరిగ్గా రాదు. ఆ తల పైకెత్తడం, ఆ చెప్పు సగం విడవడం. ఏదో పెద్ద అందగత్తె అయినట్టు ఊరంతా గోడలెక్కించాడు మహానుభావుడు. ఇలాంటిదాన్ని పొద్దస్తమానం చూస్తూ ఎవడు బతుకుతాడు?"

అతను గోడ వైపు చూశాడు. ఆమె వైపు చూశాడు.

"అంతేనంటావా," అన్నాడు. స్టాండు మడిచి చంకలో పెట్టుకున్నాడు.

ఆ తర్వాత ఊళ్లో ఏ కొత్త గోడ మీదా ఆ మనిషి కనిపించలేదు. మౌనిబాబా పొద్దున నడక మానేశాడు. గోళ్లు శుభ్రంగా ఉంటున్నాయి. కొన్ని ఆదివారాలకు మోకాలు నొప్పి అని వంక పెట్టి, గోడల కోసం రావడం కూడా మానేశాడు.

"భయపడ్డాడే," అంది ఆమె చెల్లెలితో. "తెంచుకున్నట్టున్నాడు."

"పోనీలే అక్కా, గెలిచావు."

గెలిచిన మాట నిజమే గాని, గెలుపు చప్పగా ఉంది. వీధిలో ఒక్కతే నడుస్తుంటే వెనక అడుగుల చప్పుడు లేదు. వేరే వాళ్ల బొమ్మలు ఎన్ని తీసినా, ఆ మనిషి ఏదైనా మూల కొత్తగా వెలిసిందేమోనని కళ్లు వాటంతట అవే వెతికేవి. ఎవరో తెలియకుండానే అయిపోయింది కాబట్టి అనుమానం కూడా చావలేదు. లోపల నలుసులా ఉండిపోయింది.

ఆస్పత్రిలో స్టాఫ్ అందరికీ ఆరోగ్య పరీక్షలు పెట్టారు. ఆమె వంతు వచ్చింది. రోజూ ఎవరెవరినో నిలబెట్టే ప్లేటు ముందు తానే నిలబడింది. తీసేది సీనియర్ టెక్నీషియన్, అందరూ పెద్దక్క అని పిలిచే మనిషి.

"కుడి భుజం దించు," అంది పెద్దక్క వెనక నుంచి.

"దించే ఉందక్కా."

"ఎక్కడ దించావు? దించమ్మా."

"ఇంతకంటే ఎలా దించను?"

పెద్దక్క ఇంక విసిగి, అలాగే తీసేసింది. తెర మీద చూపించింది. కాలర్ బోన్లు రెండూ ఒక వరసలో లేవు, ఒకటి పైకెక్కి ఉంది.

"ఆ కెమెరా సంచి మోసీ మోసీ ఇలా అయ్యావు. సంచి లేకపోయినా ఉన్నట్టే నిలబడతావు. చెప్పు కూడా అంతే, ఎక్కడ నిలబడ్డా మడమ బయటే. నీకు తెలీదా?"

"తెలీదు," అంది ఆమె.

"నీకెలా తెలుస్తుందిలే. వెనక నడిచేవాళ్లకి తెలుస్తుంది."

సెలవు పెట్టి తిన్నగా టైర్ల షాపు దగ్గరికి వెళ్లింది. మిట్టమధ్యాహ్నం ఎండ గోడ మీద పడుతోంది. ఎవరో బొమ్మ కాళ్ల దగ్గర టైర్లు పేర్చారు, భుజాలూ తలా మాత్రం కనిపిస్తున్నాయి. సంచి ఒక్కటి వెయ్యలేదు అతను. తాను ఒక గోడను చూసేటప్పుడు ఎలా ఉంటుందో ఆమె ఆనాడు మొదటిసారి చూసింది. అంత ఇష్టంగా నిలబడుతుందని ఆమెకే తెలియదు. ఈ గోడ ముందే నిలబడి, ఈ మనిషిని తాను అన్న మాటలన్నీ గుర్తొచ్చాయి. వాటిని అతని మొహం మీదే అంది.

ఇంటికి వచ్చేసరికి మౌనిబాబా బట్టలు మడత పెడుతున్నాడు. ఆమె చెప్పులు కూడా విప్పలేదు.

"ఆ గోడల మీద ఉన్నది నేనా?"

అతను చేతిలోని తువ్వాలు మంచం మీద పెట్టాడు. ఆమె వేళాకోళం చేస్తోందేమో అన్నట్టు చూశాడు.

"నీకు తెలీదా?"

"తెలీదు."

"ఫిల్ములు నువ్వే తెచ్చిచ్చావుగా. రేపు ఎక్కడికి వెళ్దామో నువ్వే చెప్పేదానివి. నేను వేస్తున్నాను, నువ్వు వచ్చి ఫొటో తీసుకుంటున్నావు అనుకున్నా." ఇన్ని మాటలు ఒక్కసారిగా అతని నోట ఎప్పుడూ రాలేదు. "ఆ రోజు నీకు నచ్చలేదన్నావు. నిన్ను అలా చూడటం నీకు ఇష్టం లేదేమోనని అచ్చులన్నీ పారేశాను."

ఆమె మంచం అంచున కూలబడింది. ఏడుపు వచ్చేసింది, ఆపుకోలేదు.

"ఎవడు బతుకుతాడు అన్నావు చూడు," అన్నాడు అతను నెమ్మదిగా. "నేను బతుకుతున్నాగా అందామనుకున్నా. నోరు రాలేదు."

ఆమె అతని చెయ్యి పట్టుకుంది. అతను పట్టుకోనిచ్చాడు. కాసేపటికి అతనికి ఇంకో సంగతి తట్టినట్టుంది.

"నువ్వని తెలీకపోతే మరి ఎవరనుకున్నావు?"

ఏదో ఒక అబద్ధం చెప్పొచ్చు. చెబితే నమ్ముతాడు, అతను నమ్మే మనిషే. ఆమె ఆ చెయ్యి వదలకుండానే నిజం చెప్పింది. ఎవరో ఆడమనిషి అనుకున్నానని, ఆవిడెవరో పట్టుకోవాలనే ప్రతి ఆదివారం వచ్చానని, ఫొటోలు అందుకే తీశానని చెప్పింది.

"ఆ ఆదివారాలన్నీనా?"

"అన్నీ."

అతను కోప్పడలేదు. చెయ్యి మెల్లగా వెనక్కి తీసుకున్నాడు, మంచం మీది తువ్వాలు మళ్లీ తీసి మడత పెట్టడం మొదలుపెట్టాడు.

"నాకైతే ఆ ఆదివారాలు చాలా బాగున్నాయి," అన్నాడు.