విద్యుత్ మంత్రి కారులో తూటా

విద్యుత్ శాఖ మంత్రి కాబోతున్న మిత్రి ఉదయాన్నే కారు తలుపు తీసేసరికి, రోజూ తను కూర్చునే వెనక సీటులో తూటా దిగి ఉంది.

తలెత్తి చూశాడు. పైకప్పులో వేలు పట్టేంత రంధ్రం. అందులోంచి ఆకాశం కనిపిస్తోంది.

మిత్రి కంగారులో ముందు తన పార్టీ నాయకుడు సలీం బేక్‌కి ఫోన్ చేశాడు. పోలీసులకు చేసి ఉంటే పోయేది. నజ్వాకు కబురు అందేసరికి బేరూత్‌లోని టీవీలన్నీ ‘హత్యాయత్నం’ అని ఎర్రక్షరాలు వేస్తున్నాయి.

నజ్వా కాబోయే ప్రధానికి సలహాదారు. ఒకరి మొహం ఒకరు చూడని నాయకుల మధ్య ఎనిమిది నెలలుగా తిరిగి, ఏ పార్టీకి ఏ శాఖ, ఏ మతం వాళ్ళకు ఏ కుర్చీ అని అతుకుతూ వచ్చింది ఆమే. ఒక కుర్చీ జరిపితే నాలుగు కుర్చీలు విరిగేవి. చివరికి నిన్న సాయంత్రం అన్నీ కుదిరాయి. ఈ మధ్యాహ్నం బాబ్దాలోని అధ్యక్ష భవనంలో మంత్రుల పేర్లు చదవాలి.

ఆమె మిత్రి ఊరికి పోయే కొండ దారిలో ఉండగానే సలీం బేక్ ఫోన్ వచ్చింది.

“నజ్వా, నా మనిషిని చంపబోయినవాళ్ళ పక్కన కూర్చుని ఫొటో దిగమంటావా?”

“ఎవరు కాల్చారో ఇంకా తెలీదు కదండీ బేక్.”

“తెలీకపోవడమేంటి? మిత్రి ఇంటి ఎదురుగా ఎవరి మేడ ఉంది? నిన్నటిదాకా ఆ కుర్చీ ఎవరికి ఇస్తామన్నారు? ఇస్కందర్‌కి. ఆ ముసలాడు కాల్చకపోతే వాళ్ళ నాయకుడు ఫుయాద్ మనుషులు ఆ మేడెక్కి కాల్చారు. మధ్యాహ్నం లోపల మనిషిని చూపించు. లేదా నా ముగ్గురు మంత్రుల పేర్లూ కొట్టెయ్.”

ఆ ముగ్గురూ పోతే ప్రభుత్వం లేదు. మళ్ళీ మొదటినుంచి మొదలు. ఈలోగా బేకరీల ముందు రొట్టె కోసం వరసలు ఎంత పొడుగు పెరుగుతాయో నజ్వాకు తెలుసు. ఆమె గేరు మార్చి వేగం పెంచింది.

కఫర్ సుమ్మాక్‌లో మిత్రి వాకిట పోలీసు కెప్టెన్ రాజీ కారులో సగం దూరి ఉన్నాడు. నజ్వా అడుగుల చప్పుడు విని బయటికి వచ్చాడు. అరచేతిలో తూటా ఉంది.

“రైఫిల్‌దే. కానీ మేడ మీంచి గురిపెట్టి కొట్టి ఉంటే సీటూ, కిందున్న రేకూ చీల్చుకుని నేలలోకి పోయేది. ఇది స్పాంజిలోనే ఆగిపోయింది. పైగా దాదాపు నిలువుగా దిగింది.”

“అంటే?”

“అంటే పైకి పేల్చారు, కిందికొచ్చి పడింది. మనవాళ్ళు పెళ్ళికీ పరీక్ష పాసైనందుకూ పేలుస్తారే, అలాంటిది. దీన్ని హత్యాయత్నం అంటే తూటా కూడా నవ్వుతుంది.”

నజ్వా గుండెల మీంచి సగం బరువు దిగింది. వెంటనే సలీం బేక్‌కి చెప్పింది.

“గాల్లోంచి ఊడిపడిందంటే నమ్మడానికి నేనేమైనా పాలు తాగే పిల్లాడినా?” అన్నాడాయన. “సంబరమైతే సంబరం చేసినవాడు ఉండాలిగా. వాణ్ణి చూపించు.”

నజ్వా మిత్రి వైపు తిరిగింది. “మీవాళ్ళెవరైనా పేల్చారా మిత్రి గారూ? మంత్రి పదవి వచ్చిందని?”

“మావాళ్ళా?” మిత్రి మొహం ఇంకా పాలిపోయే ఉంది. “ఊరి మాస్టారు పోయి నలభై రోజులు కాలేదమ్మా. ఈ నలభై రోజులూ ఊళ్ళో తుపాకీ మోగదు. మా బావమరిది మిఠాయి కొనబోతే నేనే ఆపాను. అయినా పేర్లు ఇంకా చదవలేదుగా. మా ఇంట్లో తప్ప ఎవరికీ తెలీదు.”

“చప్పుడు వినపడలేదా?” అన్నాడు రాజీ.

“జనరేటరు పక్కన నిద్రపోయేవాడికి పిడుగు పడినా వినపడదు కెప్టెన్.”

నజ్వా వేళ్ళ మీద లెక్కేసింది. పేర్లు చదవకముందే ఎవరు సంబరం చేసుకుంటారు? సంగతి తెలిసినవాళ్ళు. తెలిసినవాళ్ళు ఎవరు? నిన్న సాయంత్రం ఈ ఊరికి ఆమె స్వయంగా ఫోన్లు చేసింది. మిత్రికి చేసి పదవి వచ్చిందని చెప్పింది. ఇస్కందర్‌కి చేసి రాలేదని చెప్పింది. మరో గడపకు చెప్పలేదు.

వీధి దాటింది. రాజీ వెనకే వచ్చాడు.

ఇస్కందర్ ఇంటి ముందుగది పరామర్శకు వచ్చినవాళ్ళతో నిండిపోయి ఉంది. ఫుయాద్ పార్టీ వాళ్ళు గోడవారగా కూర్చుని, చక్కెర లేని కాఫీ గుటకేస్తూ నిట్టూరుస్తున్నారు. “మన కుర్చీ లాక్కున్నారు”, “ఎనిమిది నెలలు పోరాడి ఇదా ఫలితం” అంటున్నారు. మధ్యలో ఇస్కందర్ తల వంచుకుని, చావింటి పెద్దలా కూర్చున్నాడు. వయసు డెబ్బై దాటింది. ఆ శాఖ కిందున్న కరెంటు సంస్థలోనే ఇంజినీరుగా చేసి రిటైరయ్యాడు.

నజ్వాది పక్క ఊరే. చిన్నప్పటినుంచీ ఆ ఇంటికి వంటింటి వైపునుంచి వచ్చిపోయే చనువుంది. రాజీని వెంటబెట్టుకుని ఆ దారినే లోపలికి వెళ్ళింది.

ఇస్కందర్ భార్య ఓల్గా పళ్ళెం మీద తువ్వాలు కప్పబోయింది గానీ అప్పటికే ఆలస్యమైపోయింది.

పళ్ళెం నిండా చక్కెర పాకం పోసిన బాదం పప్పులు. తెల్లవి, గులాబీవి. పిల్లాడి బాప్తిస్మానికో, పిల్ల నిశ్చితార్థానికో తప్ప ఎవరూ ముట్టని సరుకు. పదవి పోయిన ఇంట్లో, పైగా ఊరు చావులో ఉండగా.

“ఎవరికి పిన్నీ పెళ్ళి?” అంది నజ్వా మెల్లగా.

ఓల్గా నవ్వాపుకోవడానికి పెదవి కొరుక్కుంది. “నువ్వు చూడలేదనుకోవే తల్లీ. బయట వాళ్ళకి తెలిస్తే మమ్మల్ని రాళ్ళతో కొడతారు.”

“బాబాయ్‌ని పిలు.”

ఇస్కందర్ వచ్చాడు. తలుపు మూయగానే ఆ వంగిన నడుము నిలువైంది. కెప్టెన్‌ని, నజ్వాని, బాదం పళ్ళాన్ని చూశాడు. కుర్చీలో కూలబడ్డాడు.

“టీవీలో చూశాను. వాడు అందులో కూర్చుని ఉంటే? పొద్దుటినుంచీ అదే అనుకుంటున్నాను. ఎదురింటికెళ్ళి చెబుదామని రెండుసార్లు చెప్పులేసుకున్నాను. ఆ ముందుగది దాటి పోలేకపోయాను.”

“అలా అయితే ఇప్పుడు చెప్పు బాబాయ్. మిత్రికి ఏమీ కాలేదు. కానీ నువ్వు నోరు విప్పకపోతే ప్రభుత్వం ఉండదు.”

“చెబితే ఫుయాద్ నా మొహం చూస్తాడా? నాకోసమేగా ఇన్నాళ్ళు దేశాన్ని ఆపి కూర్చున్నాడు.”

“నీకోసం కాదు, కుర్చీ కోసం” అంది ఓల్గా. “నిన్ను అడిగాడా ఎప్పుడైనా?”

ఇస్కందర్ కాసేపు ముందుగది వైపు చూశాడు. అక్కడెవరో గట్టిగా నిట్టూర్చారు.

“కలుపు” అన్నాడు.

నజ్వా సలీం బేక్‌కి కలిపింది. మిత్రిని కూడా కలుపుకుంది. స్పీకరు పెట్టి ఫోను బాదం పళ్ళెం పక్కన ఉంచింది.

“బేక్, నేను ఇస్కందర్‌ని. మిత్రీ, నువ్వూ విను నాయనా. పేల్చింది నేనే. ఫుయాద్ మనుషులెవరూ మా మేడ ఎక్కలేదు. యుద్ధం నాటి రైఫిల్ ఒకటి నా దగ్గరుంది. నిన్న రాత్రి మేడెక్కి, ఆకాశంలోకి ఒక్కటంటే ఒక్క తూటా వదిలాను. నీమీద కోపంతో కాదు, సంతోషం పట్టలేక. నజ్వా ఫోన్ చేసి ‘బాబాయ్, నీ పేరు తీసేశాం’ అనగానే ఓల్గా, నేనూ ఒకళ్ళనొకళ్ళు పట్టుకుని చిన్నపిల్లల్లా ఏడ్చాం. ఆ సంస్థలో ముప్ఫై ఏళ్ళు పనిచేశానయ్యా, ఆ కుర్చీలో కూర్చున్నవాళ్ళు ఏమైపోతారో నాకు తెలుసు. కరెంటు పోయిన ప్రతిసారీ దేశమంతా మంత్రి తల్లిని తిడుతుంది. మా అమ్మకి తొంభై మూడేళ్ళు, చెవులు ఇంకా బాగానే పనిచేస్తున్నాయి. ఫుయాద్‌కి వద్దని చెప్పలేకపోయాను. పార్టీ మాట కాదంటే పిరికివాడంటారని భయం. ఎనిమిది నెలలు పగలు ‘నా హక్కు’ అని అరిచాను, రాత్రి ‘దేవుడా, తప్పించు’ అని దండం పెట్టుకున్నాను. మాస్టారి నలభై రోజులు కూడా మరిచిపోయానంటే చూడు, అంత ఒళ్ళు తెలీని సంతోషం. తూటా మళ్ళీ కిందకి వస్తుందని ఇంజినీరునై ఉండీ ఆలోచించలేదు. నీకేమైనా అయ్యుంటే నేను బతికి ఉండేవాణ్ణి కాదు మిత్రీ. కెప్టెన్ నా పక్కనే ఉన్నాడు, ఎక్కడికి రమ్మంటే అక్కడికొస్తాను. పేర్లు మాత్రం ఆపకండి. నీ కారు బాగు చేయిస్తాను నాయనా. శాఖ మాత్రం నువ్వే ఉంచుకో.”