అర అంగుళం

ఏడాదిగా కూతురి బడి గౌను ఎడమవైపు అర అంగుళం కిందికి దిగుతూనే ఉంది. కుట్టుపనిలో చెయ్యి తిరిగిన ఆ తల్లి, బట్టదే తప్పనుకుని, దిగినప్పుడల్లా అంచు విప్పి ఆ పక్క కాస్త ఎక్కువ మడిచి కుట్టేసేది. ఇస్త్రీ చేశాక వంక పెట్టడానికేమీ ఉండేది కాదు. వీధిలో వాళ్ల కొలతలన్నీ నోటికొచ్చిన మనిషికి, సొంత కూతురి దగ్గర కళ్లేమయ్యాయో మరి.

బడికొచ్చిన డాక్టరమ్మ పిల్లని ముందుకు వంగమంటే వీపు కుడిపక్క ఉబ్బి కనిపించింది. ఎక్స్‌రే తీస్తే వెన్నెముక పక్కకి వంగి ఉంది. ఎదిగే వయసు కాబట్టి ఇప్పుడే బ్రేస్ వేస్తే వంకర పెరగకుండా ఆపొచ్చనీ, ఎదుగుదల అయిపోయాక వేసినా లాభం లేదనీ చెప్పిందావిడ. బట్టల కింద గట్టి ప్లాస్టిక్ తొడుగు, రోజుకి పద్ధెనిమిది గంటలు.

అత్తగారు "నీ పోలికే" అని తేల్చేసి టీవీ వైపు తిరిగింది. నిజమే, పదమూడో ఏట తన వెన్నూ ఇలాగే వంగింది. అమ్మ డాక్టరు దాకా వెళ్లలేదు, జాకెట్టు లోపల ఎడమ భుజం మీద దూది మెత్త కుట్టింది. అప్పటినుంచి ఏ జాకెట్టుకైనా ఆ మెత్త ఉండాల్సిందే. గిన్నెలు తోముతూ మధ్యలో గోడకి వీపు ఆనిస్తే, రోజంతా కూర్చుని చేసే పనికి నడుం నొప్పేమిటని మొగుడు నవ్వేవాడు. తనూ నవ్వేది. అది తలుచుకుంటేనే ఇప్పుడు ఒళ్లు మండుతోంది.

"బ్రేస్ వేసుకుని తిరిగితే అందరికీ జవాబు చెప్పుకోవాలి. నీది పెళ్లయిన నాలుగేళ్లదాకా నాకే తెలీలేదు. దానికీ అలాగే కుట్టేయ్, నీ చేతిలో పనేగా" అన్నాడు మొగుడు. మెచ్చుకోలుగానే అన్నాడు.

ఏడాదిపాటు ఆ వంకరని దాచింది ఆమె సూదే. అమ్మ తెలియక చేసింది. తను ఇకనుంచి చేస్తే తెలిసి చేసినట్టే.

మర్నాడు పొద్దున్నే గిరాకీ బట్టలు పక్కన పెట్టి, పిల్ల గౌన్లన్నీ ముందేసుకుంది. అంచులు విప్పేసింది. తొడుగు పట్టేలా పక్కలు వదులు చేసింది. తర్వాత తన జాకెట్టు తిరగేసి, మెత్త చుట్టూ ఉన్న కుట్లు ఒక్కొక్కటే తెంపింది.

ఆస్పత్రికి బయల్దేరుతుంటే మొగుడు పేపరు దించి చూశాడు. అత్తగారు టీవీ ఆపింది. గుమ్మం దగ్గర పిల్ల ఆగిపోయింది.

"అమ్మా, నీ భుజం దిగిపోయింది."

"దిగిపోలేదే తల్లీ, నీ వయసునుంచీ అక్కడే ఉంది" అంది ఆమె, అందరికీ వినపడేలా.