అడిగిన మరుక్షణమే చెప్పింది

దమయంతి కోళ్ల డాక్టర్. బెంటన్‌విల్ నుంచి గంట, గంటన్నర దూరంలో ఉండే ఫారాలకు ఒంటరిగా కారు నడుపుకుంటూ వెళ్లడం ఆమె ఉద్యోగం. మూడేళ్ల కిందట ఒక మట్టిరోడ్డు మీద తాగినవాడొకడు ట్రక్కు అడ్డం పెట్టి ఇరవై నిమిషాలు కదలనివ్వలేదు. ఆ తరువాతే ఆమె తరగతులకు వెళ్లి, వెంట తుపాకీ ఉంచుకునే లైసెన్స్ తీసుకుంది. భర్త ఉమాకాంత్‌కు అది మొదటినుంచీ ఇష్టం లేదు.

ఏప్రిల్‌లో ఒక ఆదివారం మధ్యాహ్నం ఇద్దరూ స్నేహితుల ఇంట్లో భోజనం చేసి తిరిగి వస్తున్నారు. ఒక చిన్న ఊరి పొలిమేరలో పోలీసులు కోన్లు పెట్టి ప్రతి కారునూ ఆపుతున్నారు. తాగి నడిపేవాళ్ల కోసం తనిఖీ. దమయంతి అద్దం దించి, రెండు చేతులూ స్టీరింగ్ మీద కనబడేలా పెట్టింది.

కుర్ర ఆఫీసర్ వంగి చూశాడు. ఎక్కడినుంచి వస్తున్నారని, ఏమైనా తాగారా అని అడిగాడు. తాగలేదంది. అప్పుడు డ్రైవింగ్ లైసెన్స్ అడిగాడు.

ఆమె చేతులు కదపలేదు. "ఆఫీసర్, నాకు క్యారీ లైసెన్స్ ఉంది. తుపాకీ నా కుడిపక్క, సీట్ల మధ్య ఉన్న కన్సోల్ అరలో ఉంది. కార్డులు బ్యాగ్‌లో ఉన్నాయి, తీయమంటారా?"

అతను రెండడుగులు వెనక్కి వేసి, నడుముకున్న తుపాకీ మీద చెయ్యి వేశాడు. "దిగు కిందికి! ఈ ముక్క ముందే ఎందుకు చెప్పలేదు?"

"మీరు ఐడీ అడిగిన మరుక్షణమే చెప్పాను. రూల్ అదే."

"నాకు రూల్స్ నేర్పకు."

నలభై నిమిషాలు కారు బానెట్ మీద చేతులు పెట్టి నిలబడింది దమయంతి. పక్కనుంచి కార్లు నెమ్మదిగా పోతున్నాయి. అందులో ఒకటి ఆమె వైద్యం చేసే ఫారం యజమానిది. ఆయన చూసి, తల తిప్పుకుని వెళ్లిపోయాడు. యాభై రెండేళ్ల మనిషి, ఎన్నడూ స్పీడింగ్ టికెట్ కూడా ఎరగని మనిషి, దొంగలా ఎండలో నిలబడింది. చివరికి తుపాకీనీ తూటాలనూ వేరువేరు సంచుల్లో వేసి చేతిలో పెట్టి పొమ్మన్నారు.

రెండు వారాలకు నోటీసు వచ్చింది. తుపాకీ సంగతి ఆఫీసర్‌కు చెప్పకుండా దాచినందుకు లైసెన్స్ ఎందుకు రద్దు చేయకూడదో విచారణకు వచ్చి చెప్పాలట.

"దాచానా?" కాగితం భర్త ముందు పడేసింది. "మీరు పక్కనే ఉన్నారుగా! దాచానా నేను?"

"పోనీలే, క్యాన్సిల్ చేసుకుంటే చేసుకోనీ. మనకెందుకీ గోల?"

ఆమె ఊరుకోలేదు. ఆఫీసర్ ఛాతీమీది కెమెరా వీడియో కావాలని అర్జీ పెట్టింది. ఆరు వారాలు ఫోన్లు చేయగా చేయగా పంపించారు. కూతురు నిధిని పక్కన కూర్చోబెట్టుకుని డైనింగ్ టేబుల్ దగ్గర లాప్‌టాప్ తెరిచింది. ఉమాకాంత్ టీ కాస్తున్నాడు.

వీడియోలో తన గొంతు స్పష్టంగా వినిపించింది. ప్రతి మాటా ఉంది. "చూశావా!" అంది కూతురితో. తరువాత ఆఫీసర్ కారుకు అటువైపు నడిచాడు. తను బానెట్ దగ్గర ఉండగా జరిగింది ఇది. తెర మీద ఉమాకాంత్ ముఖం.

"ఆమె నాకు ముందే చెప్పి ఉండాల్సింది, అవునా?"

"యెస్ సర్. చెప్పాల్సింది. మర్చిపోయినట్టుంది. తప్పు మాదే సర్, సారీ."

"నాన్నా, రియల్లీ?" అంది నిధి.

దమయంతి లాప్‌టాప్ మూసింది. ఉమాకాంత్ స్టవ్ కట్టేసి అక్కడే నిలబడిపోయాడు.

"నిన్ను తొందరగా వదిలేస్తారనుకున్నాను" అన్నాడు. "పదకొండేళ్లు వీసా మీద బతికాను దమయంతీ. యూనిఫాం కనబడితే చాలు, సారీ దానంతటదే నోట్లోంచి వచ్చేస్తుంది."

"సారీ చెప్పింది మీరు. నేరం పడింది నా మీద. ఆ చిన్నవాడికి రూల్ తెలీదు, సరే. మీకు నేను తెలీదా? మర్చిపోయే మనిషినా నేను?"

ఆ వారమంతా ఇంట్లో అవసరానికి మించి మాటల్లేవు.

విచారణ రోజు అతనే సెలవు పెట్టి, కారులో ఆమె పక్క సీట్లో కూర్చున్నాడు. ఆమె రమ్మనలేదు, వద్దనలేదు. చిన్న గదిలో విచారణాధికారి, తెల్ల జుట్టు ఆవిడ, వీడియో అంతా చూసింది. "మీ భర్త ఒప్పుకున్నారే?" అని దమయంతిని అడిగింది.

ఉమాకాంత్ లేచాడు. "నేను అబద్ధం చెప్పాను మేడమ్. భయంతో చెప్పాను. అడగ్గానే చెప్పింది నా భార్య. నేను విన్నాను."

ఆవిడ పుస్తకం తీసి నిబంధన పైకి చదివింది: అధికారి గుర్తింపు అడిగినప్పుడు లైసెన్స్ సంగతి, తుపాకీ సంగతి తెలియజేయాలి. "అడిగాడు, తెలియజేశారు" అంది. కేసు కొట్టేసింది.

ఆ ఆఫీసర్ మీద దమయంతి పెట్టిన ఫిర్యాదుకు మాత్రం మూడు వాక్యాల ఉత్తరం వచ్చింది. సంబంధిత ఉద్యోగికి తగిన సలహా ఇచ్చారట. క్షమాపణ అన్న మాట అందులో ఎక్కడా లేదు.

"అయిపోయిందిగా, ఇంక వదిలెయ్" అన్నాడు ఉమాకాంత్ మెల్లగా.

"నలభై నిమిషాలు నిలబడింది నేను. వదిలెయ్యాలో లేదో నేను చెప్తాను" అంది దమయంతి. ఆ ఉత్తరం వెనకవైపునే పోలీస్ చీఫ్‌కు జవాబు రాయడానికి కూర్చుంది. కాసేపటికి ఉమాకాంత్ కుర్చీ లాక్కుని పక్కన కూర్చున్నాడు. "సాక్షిగా నా పేరు కూడా రాయి" అన్నాడు.