ఒక చెంబు నీళ్లు

మేస్త్రీ వంటింటి సింకు కింద తల దూర్చి పది నిమిషాలైంది. బయటికి కనిపిస్తున్నవి రెండు పాదాలు, వాటి పక్కన ఒక సంచి, సంచి పక్కన ఒక సత్తు చెంబు. సింకులో నీళ్లు దిగడం లేదని పిలిచిన ఇల్లాలు గుమ్మంలో నిలబడి, తమ ఇంట్లో ఎవరూ సింకులో ఏమీ పడేయరని మూడోసారి చెబుతోంది. ఆయన ఊఁ కొడుతూనే గొట్టం వంపు విప్పి, లోపలి నుంచి గడ్డకట్టిన నూనె, బొమ్మకారు చక్రం, ఒక చిన్న చెంచా తీసి నేలమీద వరసగా పెట్టాడు. ఇల్లాలు చెంచాను గుర్తుపట్టింది. నాలుగోసారి చెప్పలేదు.

గొట్టం బిగించడం ఆయనకు పెద్ద పని కాదు. ఆ తర్వాత లేవడమే పని. ముందు ఎడమచెయ్యి గట్టు అంచుకు వేయాలి, కుడిచెయ్యి తొడమీద పెట్టాలి, ఊపిరి బిగబట్టాలి, మోకాళ్లు పటపటమంటుంటే ఆ చప్పుడు ఇంటివాళ్లకు వినపడకుండా కాస్త దగ్గాలి. ఇకమీద గొంతుక్కూర్చోవద్దని డాక్టరు చెప్పి నెలైంది. పైపుల కొట్టు ఆసామి తన కౌంటరు వెనక స్టూలు వేయించాడు. రేపటి నుంచి మేస్త్రీ ఆ స్టూలు మీద కూర్చుని వాషర్లు, టేపులు, కుళాయిలు అమ్మాలి. ఈ సంగతి ఆ ఆసామికీ, భార్యకూ తప్ప ఎవరికీ తెలియదు. చెబితే అందరూ నాలుగు మంచి మాటలు అంటారు, ఆ మాటలు వింటూ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తెలియదు.

ముప్పై ఆరేళ్లుగా ఆయన ఈ పేటలో ప్రతి ఇంటి కడుపులోకీ తొంగిచూశాడు. నీళ్లు వస్తున్నంతకాలం ప్లంబరు ఎవరికీ గుర్తు రాడు, అది లోకరీతి. ఆయనకు మాత్రం ఒక పేరు మిగిలింది: చెంబు మేస్త్రీ. ఎవరింటికి వెళ్లినా ముందు సంచి విప్పడు. ఇంట్లో నీళ్లు దిగే కన్నాలన్నింట్లోనూ ఒక్కో చెంబు పోసి, అవి ఎలా దిగుతున్నాయో చూసి, చెవొగ్గి విని, అప్పుడు సంచి ముడి మీద చెయ్యి వేస్తాడు. పెళ్లిచూపులకు కూడా చెంబుతోనే వెళ్లాడని తోటి పనివాళ్లు ఆటపట్టిస్తారు. ఆయన నవ్వి ఊరుకుంటాడు. ఆ అలవాటు ఎందుకు వచ్చిందో ఎవరికీ చెప్పలేదు, భార్యకు కూడా.

రెండో పిలుపు గీజరుది. నీళ్లు వేడెక్కడం లేదని, కొత్తది కొనాలేమోనని ఆ ఇంటి పెద్దాయన దిగులు పడుతున్నాడు. గోడ దులిపినప్పుడు ఎవరిదో చెయ్యి తగిలి వేడి పెంచే మీట కిందికి తిరిగిపోయింది. మేస్త్రీ దాన్ని రెండు వేళ్లతో పైకి తిప్పి, కాసేపాగి, వేడినీళ్లు చెంబులో పట్టి చూపించాడు. పెద్దాయన మొహంలో సంతోషం కంటే నిరాశే ఎక్కువ కనిపించింది. జబ్బు మరీ చిన్నదని తెలిస్తే కొందరు రోగులకు చిన్నతనంగా ఉంటుంది.

మధ్యాహ్నం టీచరమ్మ ఫోను చేసింది. ముప్పై ఏళ్లు పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి, మాట ఎప్పుడూ సూటిగా ఉంటుంది. ఈసారి అటూఇటూ పోయింది. రేపు ఉదయం నేల పగలగొట్టడానికి మనుషులు వస్తున్నారని, ఈలోగా ఒక్కసారి వచ్చి చూడమని అడిగింది. చివరి పని అనుకుని ఆయన చెంబు చంకన పెట్టుకుని నడిచాడు.

గేటు దగ్గరే ఆమె కొడుకు ఎదురై సంగతంతా చెప్పాడు. వెనక గదికి ఆనుకుని ఒక స్నానాలగది ఉంది. తండ్రి పోయాక ఎనిమిది నెలలుగా అది మూసే ఉంది. రెండు నెలల నుంచి అక్కడి నుంచి మురుగు కంపు మొదలై హాలు దాకా వస్తోంది. అన్నం దగ్గర కూర్చోలేకపోతున్నారు. ఇద్దరు ప్లంబర్లు వచ్చి, నేల కింద గొట్టం చిట్లిందని, పగలగొట్టక తప్పదని చెప్పి వెళ్లారు. ఇక అమ్మ మనశ్శాంతి కోసం మీరూ చూడండి అన్నట్టుగా అతను లోపలికి తీసుకెళ్లి ఆ గది తాళం తీశాడు.

తలుపు తెరవగానే వాసన మొహం మీదికి వచ్చింది. మేస్త్రీ ముక్కు మూసుకోలేదు, డాక్టరు నాడి పట్టుకున్నట్టు రెండుసార్లు నిదానంగా పీల్చాడు. లోపల అంతా ఎండిపోయి ఉంది. బకెట్ బోర్లించి ఉంది. సబ్బు బీటలు తీసింది. పక్కన ప్లాస్టిక్ మగ్గు, దాని పిడి ఎప్పుడు విరిగిందో. నేలకు తెల్ల టైల్స్, ఒక్కోదానిమీద ఒక నీలంపువ్వు. నీళ్లు దిగే జాలీ పక్కన ఉన్న టైలుమీద మాత్రం పువ్వు తలకిందులుగా ఉంది.

టీచరమ్మ గుమ్మం దగ్గరే ఆగిపోయింది. "అది మా ఆయన వేసిందే. సెలవుల్లో తనే కూర్చుని వేశారు. తలకిందులుగా వేశారని నేను చెబితే, నువ్వే తలకిందులుగా చూస్తున్నావన్నారు. ఇరవై రెండేళ్లు అదే మాట మీద ఉన్నారు" అంది. అని, చీర అంచు సర్దుకుంది. ఆమె భయమేమిటో మేస్త్రీకి తెలిసింది. గొట్టం కోసం గునపం దిగితే మొదట పోయేది ఆ పువ్వే.

ఆయన చెంబు నింపి జాలీలో పోశాడు. గొంతెండిన మనిషి గుటక వేసినట్టు చప్పుడైంది. ఇంకో చెంబు పోశాడు. ఈసారి చప్పుడు మారింది. విషయం ఆయనకు అర్థమైంది. జాలీ కింద గొట్టం వంపు తిరిగి ఉంటుంది. ఆ వంపులో ఎప్పుడూ కాసిని నీళ్లు నిలిచి, మురుగు గాలి ఇంట్లోకి రాకుండా మూతలా అడ్డుకుంటాయి. ఎవరూ స్నానం చేయకపోతే ఆ నీళ్లు ఆవిరైపోతాయి. మూత పోతే కంపు వస్తుంది. అంతే అయితే ఫరవాలేదు. ఆ వంపే చిట్లి ఉంటే మాత్రం పోసిన నీళ్లు నిలవవు, రేపు వచ్చేవాళ్ల మాటే నిజమవుతుంది. అది తేలాలంటే అరగంట చూడాలి.

ఎలాగో మోకరించి జాలీ ఎత్తి, చీపురుపుల్ల ఒకటి లోపల ముంచి, తడిసినంత మేర గోటితో గీత పెట్టి, గోడ పట్టుకుని లేచాడు. అరగంటయ్యాక ముంచి చూడాలంటే మళ్లీ మోకరించాలి. ఒకసారి ప్రయత్నించాడు. మోకాళ్లు ససేమిరా అన్నాయి. ఈసారి దగ్గు కూడా సాయం రాలేదు.

"అమ్మా, నావల్ల కావడం లేదు. మీరు చూడాలి" అన్నాడు.

ఆమె గడప వైపు చూసింది. ఎనిమిది నెలలుగా దాటని గడప. కొడుకు తాను చూస్తానంటూ ముందుకు రాబోతే చేతితో ఆపింది. చెప్పులు బయట వదిలి లోపలికి వచ్చి, తలకిందుల పువ్వు మీద అరచెయ్యి ఆనించి నెమ్మదిగా కూర్చుంది. మేస్త్రీ బోర్లించిన బకెట్ మీద కూర్చుని టార్చి పట్టాడు. కిటికీ తెరిచి కొడుకు గోడకు ఆనుకున్నాడు. ముగ్గురూ ఒక కన్నం చుట్టూ చేరి అరగంటసేపు ఏమీ చేయలేదు.

అరగంటయ్యాక ఆమె పుల్ల ముంచి తీసి, వెలుతురులో పెట్టి, పరీక్ష పేపరు దిద్దుతున్నంత శ్రద్ధగా చూసింది. తడి సరిగ్గా గీత దగ్గరే ఆగింది. నమ్మకం చాలక ఇంకోసారి ముంచింది. అక్కడే.

"నిలిచాయి" అంది.

కొడుకు గాలి పీల్చి, హాలుదాకా వెళ్లి అక్కడా పీల్చి వచ్చాడు. వాసన తగ్గిన మాట నిజమే. కానీ ఇద్దరు ప్లంబర్లు చెప్పిన రోగం రెండు చెంబుల నీళ్లకు కుదిరిందంటే అతనికి మనసొప్పడం లేదు. ఇది కిటికీ తీసినందువల్లేమో అన్నాడు. రేపు ఎలాగూ మనుషులు వస్తున్నారు కాబట్టి ఒకసారి పగలగొట్టి చూస్తే అనుమానం తీరిపోతుందన్నాడు.

గోటితో పోయేదానికి గొడ్డలి ఎందుకని మేస్త్రీ అనబోయి ఆగాడు. సామెతకు లొంగే అనుమానం కాదది. ఆమె చేతిలోని పుల్ల తీసుకున్నాడు.

"ముప్పై నాలుగేళ్ల కిందట నేనూ పగలగొట్టి చూశాను బాబూ. ఇలాంటి ఇల్లే, ఇలాంటి వాసనే. మూడు రోజులు తవ్వాను. కింద గొట్టం బంగారంలా ఉంది. ఏం చెప్పాలో తెలియక మళ్లీ పూడ్చేశాను. సిమెంటు కడగడానికి నీళ్లు కొట్టానా, వాసన పోయింది. ఆ ఇంటాయన నా రెండు చేతులూ పట్టుకున్నాడు, నీలాంటి పనివాడు లేడన్నాడు. నేను నోరు మూసుకుని విన్నాను."

"నిజం చెప్పలేదా?" టీచరమ్మ అడిగింది, తరగతిలో అడిగినట్టే.

"లేదమ్మా. ఇవాళే చెబుతున్నాను."

ఇన్నేళ్లు మోసిన మాట ఇంత చిన్నదా అని మేస్త్రీకి ఆశ్చర్యమేసింది, ఆ వెంటనే సిగ్గేసింది, ఆ తర్వాత ప్రాణం హాయిగా ఉంది. కొడుకు వాకిట్లోకి వెళ్లి ఫోను చేశాడు. రేపు రావద్దని, అవసరమైతే తనే పిలుస్తానని చెప్పడం లోపలికి వినిపించింది. టీచరమ్మ అరచెయ్యి ఇంకా ఆ పువ్వు మీదే ఉంది.

వారానికి ఒక చెంబు నీళ్లు పోస్తే చాలని మేస్త్రీ చెప్పాడు. ఎప్పుడైనా నెలరోజులు ఊరెళ్లాల్సి వస్తే పైన రెండు చెంచాల నూనె వేయమన్నాడు, నూనె తేలి నీళ్లను ఆవిరి కానివ్వదు. ఏది చేసినా తలుపు మాత్రం తీయక తప్పదన్నాడు.

"తలుపు వేస్తే కదా తీయడానికి. పొద్దున్న పూట ఈ గదిలోకి వెలుతురు బాగా వస్తుంది. నా కుర్చీ ఇటు మార్చుకుంటాను" అంది ఆమె. నీళ్లు దేనితో పోయాలా అని చుట్టూ చూసి, పిడి విరిగిన మగ్గు అందుకుంది. అది చేతిలోనే పెళుక్కుమంది. ఇద్దరికీ నవ్వొచ్చింది.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే మేస్త్రీ ఇల్లు చేరాడు. భార్య సంచి అందుకుని, అలవాటు ప్రకారం పనిముట్లు ఒక్కొక్కటే తుడిచి పెట్టెలో సర్దింది. ఈసారి పెట్టెకు గడియ కూడా వేసింది. వేశాక గుర్తొచ్చి అడిగింది.

"ఏమయ్యా, చెంబేది?"

"నేను మానేశాను గానీ, దానికింకా పనుంది" అన్నాడు మేస్త్రీ, మోకాళ్లకు నూనె రాసుకుంటూ.

తలుపు తీసి ఉన్న ఆ స్నానాలగదిలో, తలకిందుల పువ్వు పక్కన, సొట్టలు పడ్డ సత్తు చెంబు అంచుదాకా నీళ్లతో నిండి ఉంది.