ఒకే గదిలో ఇద్దరు

చెరుకు నరుకుతుండగా కత్తి జారి పోచన్న పిక్క తెగింది. పెద్ద కొడప్‌గల్‌లో కట్టు కట్టించుకున్నాడు, సూదిమందులు వేయించుకున్నాడు. చీము ఆగలేదు. భార్య లింగవ్వ అతన్ని ఆటోలో బాన్సువాడ తీసుకొచ్చి ఒక దవాఖానలో చేర్పించింది.

పక్క మంచం మీద వెంకటనారాయణ. కోస్తా నుంచి వచ్చి కాలవ కింద వరి పండించుకుంటున్న రైతు. బండి మీంచి పడితే తొడ ఎముకకు ఆపరేషన్ చేశారు. భార్య బుజ్జమ్మ మోకాళ్ల నొప్పులతో వంగలేకపోయేది. అది చూడలేక లింగవ్వే వెళ్లి ఆయన్ను పక్కకు తిప్పేది, జారిన కట్టు సర్దేది. భర్త పుండు తుడిచిన చేతులు కొంగుకు రాసుకుని అటు నడిచేది.

పోచన్న చీములో మామూలు మందులకు లొంగని క్రిమి ఉందని పరీక్షలో తేలింది. అప్పటికే వెంకటనారాయణకు చలిజ్వరం, కుట్ల దగ్గర చీము. అదే క్రిమి.

నర్సు సుచరిత లింగవ్వను వరండాలోకి పిలిచింది.

"అక్కా, గా క్రిమి చేతులతోని అంటుకుంటది."

లింగవ్వ గోడకు ఆనుకుని కూలబడింది. "నేనే అంటిచ్చిన్నా బిడ్డా? పాపం, వంగలేకపోతుందని పోతి గదా!"

"నీ చేతులే అని ఎట్ల జెప్తం? మా చేతులైనా గావచ్చు. నీకు మేం ముందుగాల్నే చెప్పాల్సుండె."

ఇద్దరికీ ఒకటే క్రిమి కాబట్టి, మిగతావాళ్లకు సోకకుండా ఇద్దర్నీ ఒకే గదిలోకి మార్చారు. లింగవ్వ తలెత్తలేదు. భర్తను వదిలి అటు కన్నెత్తి చూడలేదు.

ఒక సాయంత్రం బుజ్జమ్మ భర్తను తిప్పలేక మంచం పట్టె పట్టుకుని ఆయాసపడుతోంది.

"చూస్తూ నిలబడ్డావేం లింగవ్వా? ఓ చెయ్యి వెయ్యి."

"నా చేతులతోనే గదా అక్కా అన్నకు గిట్లయింది."

బుజ్జమ్మ పట్టె వదిలి ఆమె వైపు తిరిగింది. "నర్సమ్మ చెప్పింది. కోపం రాలేదనను. వచ్చింది. కానీ నాకు సాయానికి నువ్వు తప్ప ఎవరొచ్చారు? పద, ఇద్దరం సబ్బుతో కడుక్కుని వద్దాం."

కుళాయి దగ్గర లింగవ్వ ఏడ్చేసింది. బుజ్జమ్మ ఊరుకోమనలేదు, పక్కనే నిలబడింది.

నిజామాబాద్ నుంచి తెప్పించిన మందు ఇద్దరికీ పనిచేసింది. పోచన్న ముందు కోలుకున్నాడు. వెంకటనారాయణకు మళ్లీ కోసి పుండు శుభ్రం చేయాల్సి వచ్చింది. పోచన్నను ఇంటికి తీసుకెళ్లాక కూడా, కూలి లేని రోజుల్లో లింగవ్వ బస్సెక్కి ఆయన్ను చూడడానికి వచ్చేది. ఆయన కర్ర పట్టుకుని దవాఖాన వరండాలో నాలుగడుగులు వేసిన రోజున ఆమె అక్కడే ఉంది.