కుడివైపు మొహం

రామన్నపేట వారపు అంగడిలో మందులమ్మే వైద్యుడు జాహేదాకు బొల్లి లేపనం ఊరికే ఇచ్చాడు. బదులుగా ఒక్క ఫోటో తీయనిస్తే చాలన్నాడు. తెల్లమచ్చలు చెంప నుంచి మెడదాకా పాకిన తన మొహాన్ని ఫోటో తీయించుకోవాలని ఇరవై ఆరేళ్లలో ఆమెకెప్పుడూ అనిపించలేదు. అయినా ఒప్పుకుంది. అతని గుడారానికి వేలాడే జంట బొమ్మలు, ‘మందుకు ముందు’, ‘మందు తర్వాత’ అని రాసి ఉన్నవి, చూసి చూసి ఆశపడింది.

మూడు నెలలు రాసింది. మచ్చలు పోలేదు సరికదా, చెంప బొబ్బలెక్కింది. దవాఖానలో డాక్టరమ్మ కోప్పడ్డాక డబ్బా అవతల పారేసి, తన కుట్టుమిషను ముందు కూర్చుంది.

ఎండాకాలంలో దారాలు కొనడానికి నల్లగొండ పోయినప్పుడు, బస్టాండు గోడమీది పోస్టరులో తన మొహం రెండుసార్లు కనిపించింది. ఎడమవైపు మచ్చలతో, కుడివైపు ఒక్క మచ్చా లేకుండా. ఆ కుడివైపు మొహాన్నే చూస్తూ ఎక్కాల్సిన బస్సు వదిలేసుకుంది. ఎంత బాగుంది! తెలియకుండానే చెయ్యి చెంపమీదికి పోయింది. ఆ తర్వాత గమనించింది. రెండింటిలోనూ చెవి పక్కన చెదిరిన అదే పాయ, కొంగుకు అదే పిన్నీసు. ఫోటో ఒక్కటే. మచ్చల మీద ఎవరో రంగు పూశారు.

ఆ వారమే గొర్రెలు కాసుకునే గుర్వమ్మ కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. పిల్ల చేతుల నిండా మచ్చలు, బొబ్బలు.

“నీ బొమ్మ జూసే రెండు డబ్బాలు కొన్న చెల్లె. మండుతాందని పిల్ల ఒకటే ఏడుపు. నీకెన్ని దినాలకు...” అంటూ జాహేదా చెంప చూసి ఆగిపోయింది.

జాహేదా కత్తెర కింద పెట్టింది. “డబ్బాలు తీసుకొని నడువక్కా. ఇయ్యాల అంగడే గదా, వాన్నే అడుగుదాం.”

అంగట్లో జనం కిటకిటలాడుతున్నారు. జాహేదా వైద్యుడి బల్లెక్కి, తలమీది కొంగు తీసేసి, గుడారానికి వేలాడుతున్న తన పోస్టరు పక్కన నిలబడింది.

“గీ బొమ్మ నాది. గీ మొహం గూడ నాదే. జర మంచిగ చూడుండ్రి!”

వైద్యుడు నవ్వు తెచ్చుకున్నాడు. “మందు మధ్యలో ఆపేశావమ్మా, అందుకే తిరగబెట్టింది.”

“చెంప కాలినంక ఆపిన. తగ్గిందెప్పుడు, తిరగబెట్టెటందుకు? నువ్వు నయం జేసింది కాయితాన్ని, నన్ను గాదు!”

అతను దగ్గరికొచ్చి గొంతు తగ్గించాడు. “దిగమ్మా, నీకు కొత్త మిషను ఇప్పిస్తాను.”

“కొత్త మిషనిస్తడంట!” అని అంగడంతా వినబడేలా అరిచింది జాహేదా. “ఎందుకిస్తడో అడుగుండ్రి!”

గుర్వమ్మ డబ్బాలు రెండూ బల్లమీద కొట్టింది. ఆమె వెనక ఇంకొకరు, ఆ వెనక ఇంకొకరు డబ్బాలు పట్టుకుని ముందుకొచ్చారు. పొద్దు వాలకముందే గుడారం లేచిపోయింది.

కానీ గోడలమీద పోస్టర్లు అట్లాగే ఉన్నాయి. మర్నాడు జాహేదా నల్లగొండ బస్టాండుకు పోయి, నీళ్లు చల్లి నానబెట్టి, కుడివైపు మొహాన్ని గోరుతో గీకి లాగేసింది.

“రెండోది గూడ చింపరాదమ్మా?” అన్నాడు చాయ్ బండి దగ్గరి ముసలాయన.

“గదెందుకు తాతా? గది నేనే గదా,” అని జాహేదా బకెట్ ఎత్తుకుని అవతలి గోడ దగ్గరికి పోయింది.