నడిపితే నడపొచ్చు

ఇంగ్లీషు మాస్టారు రోజూ సాయంత్రం స్కూలు నుంచి రాగానే మొహం కడుక్కుని, వంటింటి పక్కనున్న చిన్న బల్ల ముందు కూర్చుని నోటుపుస్తకాలు దిద్దేవాడు. సహాయక క్రియలు చెప్పడంలో ఆయన్ని మించినవాళ్ళు లేరని పేరు. కెన్, కుడ్, మే, మైట్, షుడ్, మస్ట్. "చూడ్డానికి పిట్టంత మాటలు. వాక్యం మెడ మాత్రం వంచేస్తాయి" అనేవాడు పిల్లలతో.

ఆ మాటల్లో దేన్నైనా ఆయన ఎర్ర సిరాతో మారిస్తే, రాసినవాళ్ళ బతుకు ఆ ప్రకారమే నడిచేది. అది ఊరందరికీ తెలుసు. కొందరు పాతితే మొక్క బతుకుతుంది, కొందరు తోడేస్తే పెరుగు గడ్డకడుతుంది, ఇదీ అలాంటిదే అనుకునేవాళ్ళు. రొట్టెల కొట్టతని కూతురు రోజూ ఐదింటికి లేస్తానని రాస్తే, ఆయన మధ్యలో షుడ్ పెట్టాడు. అప్పట్నుంచి ఆ పిల్ల లేవాలి, లేవాలి అనుకుంటూ ఏడింటిదాకా దొర్లుతుంది.

"ఆ చేత్తోనే మస్ట్ పెట్టకపోయారా మాస్టారూ!" అని తల్లి వచ్చి మొత్తుకుంది.

"వ్యాకరణం తప్పయితే దిద్దుతానమ్మా. బతుకులు దిద్దడం నా పని కాదు" అన్నాడాయన. దిద్దిన మాటని మళ్ళీ దిద్దబోతే సిరా కాగితానికి అంటదు కూడా. ఆవిడ గొణుక్కుంటూ వెళ్ళిపోయింది.

మాస్టారి చెల్లెలు సిటీ బస్సులో కండక్టరు. టిక్కెట్లు కొట్టడం అయిపోతే వచ్చి డ్రైవరు వెనక నిలబడేది. గేరు ఎక్కడ మారుస్తున్నాడు, మలుపులో స్టీరింగు ఎంత తిప్పుతున్నాడు, అన్నీ కళ్ళతోనే నేర్చుకుంది. సెలవు రోజున డిపో ఆవరణలో పాత బస్సొకటి నడిపి చూపిస్తే మెకానిక్కులు చప్పట్లు కొట్టారట. డ్రైవరు ఉద్యోగాలకి ఆడవాళ్ళని కూడా తీసుకుంటామని నోటీసు పెట్టిన రోజున, డ్యూటీ దిగి తిన్నగా అన్నగారింటికే వచ్చింది.

"అన్నయ్యా, దరఖాస్తు రాశాను. ఓసారి చూసిపెట్టు."

ఒకటే పేజీ. ఎక్కడా తప్పు లేదు. చివర్న "ఐ విల్ డ్రైవ్ ద బస్" అని రాసింది. నడిపి తీరతానని. మాస్టారు రెండుసార్లు చదివాడు, మూడోసారీ చదివాడు. చెల్లెలు ఆయన మొహంలోకే చూస్తోంది. ఇంగ్లీషు మాస్టారు చూసిన కాగితం మీద ఒక్క ఎర్ర గీతైనా లేకపోతే ఎలా? చూసినట్టేముంది?

"ఇంత నిక్కచ్చిగా రాస్తే పొగరనుకుంటారు చెల్లాయ్. కాస్త అణకువ ఉండాలి" అని, విల్ కొట్టేసి పైన మైట్ అని రాశాడు.

నడిపితే నడపొచ్చు.

ఆవిడ ఆ మాట మీద వేలు పెట్టి చదివింది. తర్వాత కాగితం మడిచి సంచీలో పెట్టుకుంది. అన్నకి ఎదురు చెప్పే అలవాటు లేదు.

ఆ ఏడాది పరీక్షలో మొదటి పేరు ఆవిడదే. కానీ జాబితా ఆపేశారు. మరుసటేడు ఆవిడ స్టీరింగు ముందు కూర్చోగానే బస్సు స్టార్టవలేదు, వేరే బస్సు వచ్చేలోపు పరీక్ష పెట్టే ఆఫీసరుకి బదిలీ అయింది. ఇంకో ఏడు యూనిఫాం కొలతలు కూడా తీసుకుని, కబురు చేస్తామన్నారు. కాదని మాత్రం ఎవరూ అనలేదు. అని ఉంటే ఓసారి ఏడ్చి ఊరుకునేది. ఏటా ఇదిగో అదిగో అనుకుంటూ పదకొండేళ్ళు గడిచాయి.

మాస్టారు పాత దరఖాస్తు నకలు తెప్పించి ఆ మైట్‌ని కొట్టేయాలని చూశాడు. నాలుగు పెన్నులు మార్చాడు. కాగితం చిరిగింది గానీ సిరా అంటలేదు. ఆ సంగతి చెల్లెలికి చెప్పలేదు. ఆవిడ కూడా ఒక్కనాడూ నీవల్లే అనలేదు. పండో, పిల్లలకి బిస్కెట్లో తెచ్చేది, వదినతో కబుర్లు చెప్పేది, వెళ్ళేది. ఆవిడ గేటు దాటేదాకా ఆయన పుస్తకంలోంచి తలెత్తేవాడు కాదు.

డ్రైవరు ఉద్యోగానికి వయసు దాటిపోవడానికి ఇంకో నెల ఉందనగా, ఒక సాయంత్రం ఆవిడ వచ్చి బల్ల మీద చిన్న కాగితం పెట్టింది. ఒకే వాక్యం. "ఐ కుడ్ హావ్ డ్రివెన్ ద బస్."

నడపగలిగేదాన్నే.

"సరిగ్గా ఉందా అన్నయ్యా?"

మాస్టారు పెన్ను మూత తీశాడు. "ఇంకా నెలుంది కదమ్మా. ఇది కొత్త కాగితమే. విల్ అని మార్చి చూస్తాను, అంటుతుందేమో..."

"వద్దు" అంది ఆవిడ మెల్లిగా. "కబురు రావొచ్చు, రావొచ్చు అని తెల్లారితే ఫోను వంక చూడ్డమే సరిపోయింది. ఇంట్లో ఏ పనీ మనసుపెట్టి చెయ్యలేదు. ఇక రాదని తెలిస్తే ఈ రాత్రికి హాయిగా పడుకుంటాను. తప్పుంటే చెప్పు. లేకపోతే టిక్కు పెట్టు."

తప్పు లేదు. అంత మంచి వాక్యం ఆయన విద్యార్థులెవరూ రాయలేదు. ఆవిడే కాగితం కదలకుండా రెండు చేతులతో అదిమి పట్టుకుంది. ఆయన టిక్కు పెట్టాడు. సిరా వెంటనే అంటుకుంది.

"హమ్మయ్య" అని ఆవిడ కుర్చీలో వెనక్కి వాలింది. "వదినా, కాస్త టీ పెడతావా?"

మర్నాడు పొద్దున మాస్టారు ఆవిడ బస్సే ఎక్కాడు. ఆవిడ డ్రైవరు వెనక లేదు. బస్సు చివర కిటికీ పక్కన కూర్చుని, ఎవరో ముసలావిడతో ఏదో చెప్పి నవ్వుతోంది. అంత నిమ్మళంగా కూర్చున్న చెల్లెల్ని చూసి ఆయనకి ఎన్నేళ్ళయిందో. అన్నని చూసి లేచి వచ్చింది.

"నన్ను క్షమించు చెల్లాయ్" అన్నాడు.

బస్సు గేరు మారింది. ఇంజను గట్టిగా అరిచింది.

"ఏంటన్నయ్యా? ఈ చప్పుడులో వినపడ్డం లేదు."

ఆయన ఇంకోసారి నోరు తెరిచాడు. వెనకనుంచి ఎవరో తోసుకుంటూ ముందుకొచ్చారు.

"ఏం లేదులే. స్కూలు దగ్గర దిగుతాను."

ఆవిడ టిక్కెట్టు చింపి ఆయన చేతిలో పెట్టి, ఇందాకటి స్టాపులో ఎక్కినవాళ్ళ దగ్గరికి వెళ్ళింది.